కొలిచేవాడు ఎవరి కొలువులో ఉన్నాడు?

నాయిన చనిపోయిన తర్వాత ఆయన ట్రంకు పెట్టె సర్దుతుంటే పట్టాదారు పాసుబుక్కులో మడతపెట్టిన కాగితం ఒకటి దొరికింది. మా ఊరి నడిమి బోరింగు నీళ్ళను పరీక్ష చేసి ఇచ్చిన రిపోర్టు. అంతా ఇంగ్లిషే. పది పన్నెండు వరుసలున్నాయి. ఫ్లోరైడ్ అన్న వరుసకు ఎదురుగా నీలం సిరాతో నాలుగు దాటిన అంకె రాసి ఉంది. కింద తేదీ చూశాను. అప్పటికి నేను నాలుగో తరగతి. ఆ తర్వాత తొమ్మిదేండ్లు మేము ఆ బోరింగు నీళ్ళే తాగాం.

నాయిన ఏడో తరగతి దాకా చదివారు, తెలుగులో. ఆ కాగితం ముఖ్యమైనదని ఆయనకు తెలుసు. అందుకే భూమి కాగితాలతో పాటు దాచారు. అందులో ఏముందో తెలియదు. ఇచ్చినవాళ్ళు చెప్పలేదు. మా నాయనమ్మ చివరి రోజుల్లో నడుము వంగిపోయి, మెడ తిరగక, పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరిగేది. "వయసు మీద పడ్డది బిడ్డా" అనేది. వయసొక్కటే కాదని రాసిన కాగితం ఆమె మంచం కిందున్న పెట్టెలోనే ఉంది.

నల్లగొండ వాళ్ళకు ఈ కథ కొత్త కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు ఏ ఊళ్ళో అడిగినా ఇలాంటి ఇల్లు ఒకటి చూపిస్తారు. పటిక, సున్నం కలిపి నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని ప్రపంచమంతా పేరు. 1970లలో నాగ్‌పూర్‌లోని నీరి, అంటే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేశారు. మా జిల్లా పేరు దేశదేశాల పుస్తకాల్లోకి ఎక్కింది, నీళ్ళు మాత్రం మా ఇంటికి రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది బరిలో నిలబడ్డారు. మంచినీళ్ళ కోసం. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, ఎన్నిక వాయిదా పడింది. మా గొంతు ఢిల్లీకి వినపడటానికి అంత చేయాల్సి వచ్చింది.

అణు భద్రత గురించి రాయాలని కూర్చుని ఫ్లోరైడ్‌తో మొదలుపెట్టాను. నాకు ఈ రెండూ వేర్వేరు విషయాలుగా కనిపించవు. నేను దేవరకొండ వైపు ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఏటా రేడియోధార్మికత పాఠం వచ్చినప్పుడు, లంబాపూర్, పెద్దగట్టు వైపు తండాల నుంచి వచ్చే పిల్లలు పుస్తకంలో లేని ప్రశ్నలు అడుగుతారు. వాళ్ళ కాళ్ళ కింద యురేనియం ఉంది.

ముందే ఒక మాట. నేను అణుశక్తికి వ్యతిరేకిని కాదు. మా మేనత్తకు క్యాన్సర్ వచ్చినప్పుడు హైదరాబాదులో రేడియేషన్ చికిత్స చేయించాం. ఆ తర్వాత ఆమె ఏడేండ్లు బతికింది, ఇద్దరు మనవరాళ్ళ పెండ్లిళ్ళు చూసింది. మన దేశపు కరెంటులో అణు విద్యుత్తు వాటా ఇప్పుడు సుమారు 3 శాతం. 2047 నాటికి 100 గిగావాట్లు చేయాలన్నది ప్రభుత్వ లక్ష్యం. బొగ్గు పొగకు ప్రత్యామ్నాయం కావాలన్న వాదనలో బలం ఉంది. నా పేచీ రియాక్టరుతో లేదు, దాన్నీ దాని గనినీ చెత్తనూ ఎవరు కాపలా కాస్తున్నారన్న దానితోనే.

మా వైపు నేల సంగతి చెప్పాలి. కింద పాత గ్రానైటు, దాని మీద శ్రీశైలం క్వార్ట్‌జైటు పలకలు. ఈ రెండూ కలిసే చోట యురేనియం పేరుకుంది. కడప బేసిన్‌కు ఇది ఉత్తరపు అంచు. మా నీళ్ళలోకి ఫ్లోరైడును వదిలేదీ గ్రానైటే, ఆ యురేనియానికి మూలమూ గ్రానైటే. హైదరాబాదు బేగంపేటలో ప్రధాన కార్యాలయం ఉన్న ఏఎండీ, అంటే అణు ఖనిజాల అన్వేషణ సంస్థ, ఏండ్ల తరబడి బోర్లు వేసి ఈ నిల్వలను కనిపెట్టింది. తవ్వడానికి కేంద్ర ప్రభుత్వ యురేనియం సంస్థ యూసీఐఎల్ ముందుకొచ్చింది. 2003 ఆగస్టు 19న పెద్దగట్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. జనం వద్దన్నారు. మొదట సాగర్ జలాశయానికి దగ్గరలోని మల్లాపురంలో పెట్టాలనుకున్న శుద్ధి కర్మాగారాన్ని దేవరకొండ దగ్గరి శేరిపల్లికి మార్చారు. దాని మీద 2005 మార్చి 3న మళ్ళీ సభ జరిగింది. అక్కడా వద్దన్నారు. గనులు రాలేదు.

2019లో కథ నల్లమలకు మారింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో 4,000 బోర్లు వేసి అన్వేషిస్తామన్న ప్రతిపాదనకు కేంద్ర అటవీ సలహా కమిటీ ఆ ఏడాది మేలో సూత్రప్రాయంగా తలూపింది. పెంటలనే చెంచు గూడేల నుంచి మొదలై హైదరాబాదు దాకా 'సేవ్ నల్లమల' ఉద్యమం పాకింది. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దంటూ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఆ రోజు కాలేజీ స్టాఫ్ రూములో మిఠాయి పంచుకున్నాం. అయితే తీర్మానం చట్టం కాదు. అణు ఖనిజాల మీద ఆఖరి మాట కేంద్రానిదే.

2025 సెప్టెంబరులో ఇంకొకటి జరిగింది. దాన్ని మా జిల్లా పేపర్లలో వెతికి చదవాల్సి వచ్చింది. అణు, కీలక, వ్యూహాత్మక ఖనిజాల గనులకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని కేంద్ర పర్యావరణ శాఖ ఒక మెమో ఇచ్చింది. అంటే 2003లో పెద్దగట్టులో జరిగినలాంటి సభ ఇప్పుడు జరగాల్సిన పని లేదు. ఆ సభలో మాట్లాడిన వాళ్ళలో చాలామంది అక్షరం రానివాళ్ళు. వాళ్ళు అడిగినవి రెండే ప్రశ్నలు: ఈ మట్టి వానకు ఎటు పోతుంది, మా బర్రెలు ఎక్కడ నీళ్ళు తాగాలె. ఇంతకంటే మంచి భద్రతా ప్రశ్న ఏ నిపుణుడు వేస్తాడు?

ఆ మట్టి సంగతి కొంచెం నిదానంగా చెప్తాను. అణు వ్యర్థం అనగానే అందరికీ రియాక్టరు గుర్తొస్తుంది. నిజమే, అక్కడ పుట్టే చెత్త చాలా తీవ్రమైనది. దానికి మన దేశంలో ఒక పద్ధతుంది. వాడిన ఇంధనాన్ని శుద్ధి చేసి పనికొచ్చేది తీసుకున్నాక, మిగిలిన అతి తీవ్ర వ్యర్థాన్ని కరిగించిన గాజులో కలిపి గట్టిపరుస్తారు. ట్రాంబే, తారాపూర్, కల్పక్కంలో ఆ కర్మాగారాలున్నాయి. ఆ గాజును ఎప్పటికీ దాచడానికి లోతైన భూగర్భ గది మన దేశంలో ఇంకా లేదు. తక్కువ తీవ్రత ఉన్న చెత్తను కాంక్రీటు కందకాల్లో పూడ్చి 300 ఏండ్లు కాపలా కాస్తామంటారు. ఇవన్నీ కంచెల లోపల, కెమెరాల మధ్య జరిగే పనులు.

గని చెత్త అట్లా కాదు. మా వైపు రాయిలో యురేనియం వెయ్యింట ఒక వంతు ఉంటే గొప్ప. ఒక టన్ను రాయిని పిండి కొడితే ఒక కిలో యురేనియం. ఆ కిలోను శుద్ధి చేసి ఇంధనం తయారీకి పంపుతారు. మిగిలిన దాదాపు టన్ను పిండి బురదగా అక్కడే చెరువు కట్టి వదిలేస్తారు. దాన్నే టెయిలింగ్ పాండ్ అంటారు. యురేనియం తీసేశారు కదా, ఇంకేం మిగిలింది అనుకుంటాం. ఆ రాయిలో ముందున్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ బురదలోనే ఉంటుంది. కోట్ల ఏండ్లుగా యురేనియం క్షీణిస్తూ కన్న పిల్లలు, థోరియం-230, రేడియం-226, అన్నీ అక్కడే ఉంటాయి. రేడియం నుంచి రేడాన్ వాయువు వస్తూనే ఉంటుంది. రేడియం ఒంట్లోకి పోతే అది కాల్షియంలాగే ఎముకల్లోకి చేరుతుంది. ఈ మాట క్లాసులో చెప్పేటప్పుడు ప్రతిసారీ నాకు నాయనమ్మ నడుము గుర్తొస్తుంది. ఫ్లోరైడ్ కూడా ఎముకల్లోకే చేరింది.

రేడియం సగం తగ్గడానికి 1,600 ఏండ్లు పడుతుంది. దాన్ని పుట్టించే థోరియం-230కి 75,000 ఏండ్లు. రెండేండ్ల కింద ఒక తండా పిల్ల లేచి అడిగింది: "సార్, పదహారు వందల ఏండ్లకు సగమే పోతే, మిగిలిన సగానికి కావలి ఎవరు ఉంటరు?" నేను బోర్డు మీద లెక్క చేసి చూపించాను. ఆమె అడిగింది లెక్క కాదని ఇంటికొచ్చాక అర్థమైంది.

1,600 ఏండ్లంటే ఎంతో మాకు తెలుసు. పెద్దగట్టు కొండ మీద నుంచి చూస్తే సాగర్ నీళ్ళు కనిపిస్తాయి. ఆ నీళ్ళ కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. సుమారు 1,700 ఏండ్ల కింద అక్కడ రాజులు, బౌద్ధ విహారాలు, దేశదేశాల నుంచి వచ్చిన భిక్షువులు. తర్వాత అడవి కమ్మేసింది. 1926లో శిథిలాలు బయటపడే దాకా ఒక రాజధాని ఎక్కడుందో మనవాళ్ళు మరిచిపోయారు. నగరాన్నే మరిచిపోయిన మనం ఒక బురద చెరువు చుట్టూ వేసిన కంచెను గుర్తుపెట్టుకుంటామా? ఆ చెరువు చుట్టూ బోర్డు ఏ భాషలో రాస్తాం?

నేను భయపెట్టడానికి ఇవి చెప్పడం లేదు. 1979 మార్చిలో అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో ప్రమాదం జరిగింది. అది అన్ని పుస్తకాల్లో ఉంది. అదే ఏడాది జూలై 16న న్యూ మెక్సికో రాష్ట్రంలో చర్చ్ రాక్ అనే చోట యురేనియం టెయిలింగ్స్ కట్ట తెగింది. సుమారు 35 కోట్ల లీటర్ల విషపు నీళ్ళు, వెయ్యి టన్నులకు పైగా బురద ప్వెర్కో నదిలో కలిశాయి. ఆ నది వెంట నవాహో ఆదివాసీలు గొర్రెలు మేపుకునేవాళ్ళు. ఈ సంగతి ఎంతమందికి తెలుసు? మన దగ్గరా 2006 డిసెంబరులో జార్ఖండ్‌లోని జాదుగూడ దగ్గర టెయిలింగ్స్ తీసుకెళ్ళే పైపు పగిలి బురద వాగులోకి పోయింది. పెద్దగట్టు దగ్గర కట్ట తెగితే కింద ఏముందో మ్యాపు చూస్తే చాలు. సాగర్ ఉంది. హైదరాబాదుకు కృష్ణా నీళ్ళు తోడే అక్కంపల్లి రిజర్వాయరు ఉంది.

ఇక అసలు విషయం. ఇవన్నీ చూసుకోవడానికి దేశంలో ఒక సంస్థ ఉంది. అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ. 1983 నవంబరు 15న ఏర్పాటైంది. పార్లమెంటు చట్టంతో పుట్టలేదు, 1962 అణుశక్తి చట్టం కింద ఇచ్చిన ఒక ఉత్తర్వుతో పుట్టింది. 2025లో కొత్త చట్టం వచ్చేదాకా అది జవాబు చెప్పాల్సింది అణుశక్తి కమిషన్‌కు. ఆ కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి విభాగం కార్యదర్శి. రియాక్టర్లు కట్టేది, గనులు తవ్వేది, ఇంధనం తయారుచేసేది అన్నీ ఆ విభాగం కింది సంస్థలే. పొలం పంచాయితీలో ఒక పక్షం పెద్దమనిషే తీర్పరికి జీతమిస్తుంటే మా ఊళ్ళో ఆ పంచాయితీకి ఎవరూ కూర్చోరు.

ఇది ఎట్లా పనిచేసిందో రెండు సంగతులు చాలు. 1993 నుంచి 1996 దాకా ఏఈఆర్‌బీ అధ్యక్షుడిగా ఉన్న డాక్టర్ ఎ. గోపాలకృష్ణన్ హయాంలో దేశంలోని అణు కేంద్రాల్లో సుమారు 130 భద్రతా లోపాలను గుర్తిస్తూ 1995లో ఒక నివేదిక తయారైంది. అది జనం ముందుకు రాలేదు. పదవి దిగాక ఆయనే ఈ సంస్థకు స్వతంత్రం లేదని బహిరంగంగా చెప్తూ వచ్చారు. రెండోది, 2000లో భాభా అణు పరిశోధన కేంద్రాన్ని ఏఈఆర్‌బీ పరిధి నుంచే తీసేశారు. ఆ కేంద్రం భద్రతను ఆ కేంద్రమే చూసుకుంటుందన్నారు.

2012లో ఏఈఆర్‌బీ పనితీరు మీద, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక వచ్చింది. నేను దాన్ని సెలవుల్లో మొత్తం చదివాను, మా ఆవిడ నవ్వింది. అందులోని కొన్ని అంకెలు ఇప్పటికీ కంఠతా వచ్చు. అప్పటికి దేశంలో 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రాలుంటే ఏఈఆర్‌బీ దగ్గర నమోదైనవి 5,270. మిగిలిన 91 శాతం ఏ నియంత్రణా లేకుండా నడిచేవి. నిబంధనలు ఉల్లంఘిస్తే గరిష్ఠ జరిమానా అప్పట్లో 500 రూపాయలు.  ఎక్స్‌రే గదుల తనిఖీకి ప్రతి రాష్ట్రంలో రేడియేషన్ భద్రతా డైరెక్టరేట్ పెట్టాలని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. కాగ్ చూసేనాటికి పెట్టినవి కేరళ, మిజోరం మాత్రమే.

ఆ 91 శాతం నాకు ఒక గదిలా కనిపిస్తుంది. మా అబ్బాయి మూడో తరగతిలో మణికట్టు విరగ్గొట్టుకుంటే ఒక ఊళ్ళో ఎక్స్‌రే సెంటరుకు తీసుకెళ్ళాను. తలుపు బదులు పూల పూల కర్టెన్. ఆ కర్టెన్‌కు రెండడుగుల దూరంలో బెంచి. బెంచి మీద వరుసలో ఒక గర్భిణి కూర్చుని ఉంది. ఆమెను లేపి బయట చెట్టు కింద కూర్చోబెట్టి, లోపలికి పోయి "ఏఈఆర్‌బీ లైసెన్సు ఏదన్నా?" అని అడిగాను. మిషను దగ్గరి పిల్లవాడు "అదేంది సార్?" అన్నాడు. అతని తప్పు లేదు. అతనికి ఎవరూ చెప్పలేదు. అతని ఛాతీకి రేడియేషన్ కొలిచే బ్యాడ్జీ కూడా లేదు. రోజుకు ఎన్ని ఎక్స్‌రేలు తీస్తావని అడిగితే "నలభై యాభై" అన్నాడు, గొప్పగా.

అదుపు తప్పితే ఏమవుతుందో 2010లో ఢిల్లీ మాయాపురి చూపించింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1968లో కొని, 1985 తర్వాత వాడని, రేడియోధార్మిక కోబాల్ట్-60 ఉన్న యంత్రాన్ని పాత ఇనుము కింద వేలం వేసింది. తుక్కు దుకాణంలో దాన్ని పగలగొట్టారు. ఒక కార్మికుడు చనిపోయాడు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. అక్కడా పత్రాలు, నిబంధనలు ఉన్నాయి. వెళ్ళి చూసే మనిషే లేడు.

ఇతర దేశాలు దెబ్బ తిన్నాకే నేర్చుకున్నాయి. అమెరికాలో ఒకే సంస్థ అణుశక్తిని పెంచడం, అదుపు చేయడం రెండూ చూసేది. 1974లో చట్టం చేసి రెంటినీ విడదీశారు. జపాన్‌లో నియంత్రణ సంస్థ పరిశ్రమల శాఖ కింద ఉండేది. 2011 ఫుకుషిమా తర్వాత అక్కడి పార్లమెంటు వేసిన విచారణ కమిషన్ దాన్ని మనుషుల చేతి విపత్తన్నది. ఏడాదిన్నరలో పాత సంస్థను రద్దుచేసి కొత్తది పెట్టారు.

నాకు నచ్చింది ఫిన్లాండ్. ఆ దేశంలో నియంత్రణ సంస్థ ఆరోగ్య శాఖ కింద ఉంది, ఇంధన శాఖ కింద కాదు. ఈ ఒక్క ఏర్పాటులోనే వాళ్ళ బుద్ధి కనిపిస్తుంది. అణు వ్యర్థాన్ని 400 మీటర్లకు పైగా లోతున శాశ్వతంగా దాచే సొరంగాన్ని వాళ్ళు ఎవురాయోకి అనే చిన్న మునిసిపాలిటీలో కట్టారు. వద్దనే హక్కు ఆ ఊరికి 1987 చట్టమే ఇచ్చింది. ఊరి కౌన్సిల్ వద్దంటే దేశ పార్లమెంటు కూడా ఏమీ చేయలేదు. 2000లో కౌన్సిల్ ఓటు వేసింది. 20 మంది సరే, ఏడుగురు వద్దు. వద్దనే హక్కు చేతిలో ఉన్న ఊరు సరే అన్నది. ఆ హక్కు లేని చోట జనం రోడ్ల మీదికి వస్తారు. మా వైపు అమ్రాబాద్ రాజ్యాంగం ఆదివాసీల కోసం గుర్తించిన ఐదో షెడ్యూలు ప్రాంతం కాబట్టి, అలాంటి ఊళ్ళకు వర్తించే పెసా చట్టం కింద గ్రామసభకు కొంత మాట ఉంది. నల్లగొండ తండాలకు అది కూడా లేదు. జిల్లాలో షెడ్యూలు ప్రాంతమే లేదు. పెద్దగట్టు లంబాడీలు, అమ్రాబాద్ చెంచులు తాగేది కృష్ణా నీళ్ళే, హక్కులు మాత్రం వేరు.

మన దగ్గర 2011లో స్వతంత్ర అణు భద్రతా ప్రాధికార సంస్థ కోసం బిల్లు పెట్టారు. 2014లో లోక్‌సభతో పాటే అది కాలగర్భంలో కలిసింది. 2015లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ బృందం వచ్చి పరిశీలించి, ఏఈఆర్‌బీ స్వతంత్రతను చట్టంలో పెట్టమని చెప్పి వెళ్ళింది. చివరికి 2025 డిసెంబరులో పార్లమెంటు 'శాంతి' చట్టాన్ని ఆమోదించింది. 1962 చట్టం, 2010 నష్టపరిహార చట్టం రెండూ పోయి దాని స్థానంలో ఇది వచ్చింది. ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచింది. ఏఈఆర్‌బీకి తొలిసారి చట్టబద్ధ హోదా ఇచ్చింది. ఇది మంచి అడుగే, ఒప్పుకుంటాను. 42 ఏండ్లు పట్టింది. కానీ హోదా వేరు, స్వతంత్రం వేరు. ఆ కుర్చీలో కూర్చునే మనిషిని ఎవరు ఏరుతారు, బడ్జెట్ ఎవరి సంతకంతో వస్తుంది, నివేదికను ఎవరి అనుమతీ లేకుండా బయటపెట్టగలడా? నేను ఈ మూడింటినే చూస్తాను. ప్రైవేటు కంపెనీలు వస్తున్నప్పుడు ఇవి ఇంకా గట్టిగా చూడాలి.

అణుశక్తి విభాగంలో పనిచేసే చిన్ననాటి స్నేహితుడు ఒకడున్నాడు. ఇది చదివితే తప్పకుండా ఫోను చేస్తాడు. "అరే, మావాళ్ళంత శ్రద్ధగా కొలిచేటోళ్ళు దేశంల ఎవరున్నర్రా? రియాక్టరు కట్టకముందే నీళ్ళు, పాలు, వడ్లు అన్నీ కొలుస్తరు" అంటాడు. నిజమే. అణు కేంద్రాల దగ్గర పర్యావరణ సర్వే ల్యాబులుంటాయి. అందులో పనిచేసేవాళ్ళు నిజాయతీపరులని నేను నమ్ముతాను. ఈ విద్య తెలిసినవాళ్ళు దేశంలో కొద్దిమందే, వాళ్ళంతా ఆ విభాగం నుంచే వచ్చారన్నదీ నిజమే. అయితే ఆ ల్యాబులు నడిపేది భాభా కేంద్రం. కొలిచేవాడు తవ్వేవాడి ఇంటివాడే. వాడు నిజం చెప్పినా బయటివాడికి నమ్మే వీలుండదు. నా స్నేహితుడి మాట నేను నమ్ముతాను. మా తండా పిల్ల ఎందుకు నమ్మాలి?

తుమ్మలపల్లెలో జరిగింది చూడండి. కడప జిల్లాలో 2012లో యురేనియం గని, కర్మాగారం మొదలయ్యాయి. కొన్నేండ్లకు చుట్టుపక్కల రైతులు బోర్ల నీళ్ళు మారాయని, అరటి తోటలు ఎండుతున్నాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని గోలపెట్టారు. మా వల్ల కాదని సంస్థ చెప్తూ వచ్చింది. ఆ గొడవ నాకు పూర్తిగా అర్థమయ్యేది ఎప్పుడంటే, గని రాకముందు ఆ బోర్లలో ఎంత ఉండేదో ఇద్దరూ ఒప్పుకునే కాగితం చూపించినప్పుడు. అది రైతు చేతిలో ఉండదు. ఎప్పుడూ ఉండదు.

మా దగ్గర ఇది మరీ క్లిష్టం. గని లేకపోయినా నల్లగొండ వైపు కొన్ని బావుల నీళ్ళలో యురేనియం ఉన్నట్టు శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు, కొన్ని చోట్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితికి మించి. రాయి స్వభావం అది. రేపు గని వచ్చి, ఎల్లుండి బావి పాడైతే, "ఇది మీ రాయిలోనే ఉంది" అనడానికి జవాబు తయారుగా ఉంటుంది. ఫ్లోరైడ్ విషయంలో మాకు తిట్టడానికి ఎవరూ లేరు, రాయి తప్ప. యురేనియం విషయంలో తప్పు చేసినవాడు రాయి వెనక దాక్కోగలడు.

ఆ పరిమితి మాట కూడా వినండి. తాగే నీళ్ళలో లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఏఈఆర్‌బీ 60 దాకా పరవాలేదన్నది. ఒకరు మూత్రపిండాలకు రసాయనంగా చేసే హాని చూశారు, మరొకరు రేడియేషన్ లెక్క చూశారు. రెండింటికీ శాస్త్రీయ వివరణ ఉంది. కానీ 45 ఉన్న బావి ఒకరి ప్రకారం విషం, ఇంకొకరి ప్రకారం మంచినీళ్ళు. ఫ్లోరైడుకూ ఇట్లాగే లీటరుకు మిల్లీగ్రాముల్లో 1.0 అని ఒకటి, వేరే దిక్కు లేకపోతే 1.5 అని ఒకటి పెట్టారు. ఆ 'వేరే దిక్కు లేకపోతే' అన్న మాటలో మా జిల్లా ఒక తరం గడిపింది.

కాబట్టి నేను అడిగేది పెద్దది కాదు. లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల్, అమ్రాబాద్, ఎక్కడైతే కింద ఖనిజం ఉందని సర్కారుకు తెలుసో, అక్కడ ప్రతి బావినీ బోరునూ ఇప్పుడే కొలవాలి. గని వస్తుందా రాదా అన్నది వేరే ముచ్చట. కొలిచేది అణుశక్తి విభాగం కాకూడదు. విశ్వవిద్యాలయమో, రాష్ట్ర ఆరోగ్య శాఖో, రెండు ల్యాబులు ఒకే సీసాలోని నీళ్ళను విడివిడిగా చూడాలి. అంకెలు తెలుగులో, పంచాయతీ ఆఫీసు గోడ మీద, ఎరువుల ధరల పట్టిక రాసినంత పెద్ద అక్షరాల్లో రాయాలి. 30, 60 రెండూ పక్కపక్కనే రాయాలి, ఏది ఎందుకో ఒక వాక్యంలో చెప్పాలి. ప్రతి ఎండాకాలం, వానాకాలం మళ్ళీ కొలవాలి. పెద్దగట్టులో సభ పెట్టే బాధ్యతను 2025 మెమో తీసేసింది. ఆ మెమోను వెనక్కి తీసుకోవాలని నేను రాసి పంపాను, మా కాలేజీ పిల్లలు 61 మంది సంతకాలు పెట్టారు. జవాబు రాలేదు.

పోయిన నెల మా చిన్నాయన బావి నుంచి రెండు లీటర్ల సీసాలో నీళ్ళు పట్టుకొని ల్యాబుకు ఇచ్చాను. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. ఇప్పుడది తెలుగులోనే ఉంది, నాయిన ఉంటే చదువుకునేవారు. ఫ్లోరైడ్ 1.3. నైట్రేట్, గట్టిదనం, ఉప్పు, అన్ని వరుసలూ ఉన్నాయి. కింది దాకా చూసి, ల్యాబు అబ్బాయిని అడిగాను, "యురేనియం వరుస ఏది తమ్మీ?"

అతను కాగితం తీసుకొని ఇటూ అటూ తిప్పి చూశాడు. "ఆ పరీక్ష ఇక్కడ ఎవ్వరూ అడగలేదు సార్" అన్నాడు.

సీసాలో నీళ్ళు ఇంకా సగం ఉన్నాయి. మూత బిగించి ఇంటికి తెచ్చాను. హైదరాబాదులో ఎవరైనా కొలిచేవాళ్ళుంటే పంపాలని వంటింటి అలమారలో పెట్టాను.